పడవకారు శౌరయ్య

తిరువూరులో శౌరయ్య పేరెత్తితే ఎవరైనా రెండు మాటలు చెబుతారు. పనిమంతుడు, నమ్మకస్తుడు. మొదటి మాటతో పేచీ లేదు. బెజవాడ రోడ్డు మీద లారీ ఆగిపోతే డ్రైవరు బానెట్టు ఎత్తకముందే, అది ఆగేటప్పుడు చేసిన చప్పుడుని బట్టి ఏం పోయిందో చెప్పగలిగిన మనిషి. రెండో మాట దగ్గరే చిక్కు. మనవాళ్లు ఎవర్నయినా నమ్మకస్తుడని మెచ్చుకుంటున్నారంటే, ఆ మనిషి దగ్గర ఎవరో ఏదో చవగ్గా పుచ్చుకున్నారని అర్థం. శౌరయ్య దగ్గర పుచ్చుకున్నది పదహారేళ్ల పని. పుచ్చుకున్నవాడు ఆదిశేషయ్య గారు. నిజానికి తిన్నది ఆయన కూడా కాదు, ఆయన కారు.

శౌరయ్య తండ్రి పాలేరు. కొడుకు కూడా పాలేరే కావలసింది గాని యుద్ధం వచ్చింది. ఇరవై ఏళ్ల వయసులో పటాలంలో చేరాడు. తుపాకీ పట్టలేదు. బండ్ల వర్క్‌షాపులో అమెరికా లారీల కింద మూడేళ్లు వెల్లకిలా పడుకున్నాడు. ఇంగ్లీషు అక్షరం రాకపోయినా పానా మీద అంకె చూడకుండా, చేతిలో బరువుని బట్టి అది అరంగుళానిదో ముప్పావుదో చెప్పడం అక్కడే పట్టుబడింది. యుద్ధం ముగిశాక బెజవాడలో ఒకరి షెడ్డులో పదేళ్లు కూలికి చేశాడు. తల్లి మంచాన పడితే భార్య జోజమ్మని తీసుకుని ఊరికొచ్చాడు. తల్లి ఆర్నెల్లకి పోయింది. అతను మాత్రం ఉండిపోయాడు. ఉండిపోవడానికి కారణం కారే.

ఆదిశేషయ్య గారికి వినగడప వైపు పొలాలు, రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటలు. 1957 చివర్లో బెజవాడలో ఒక సినిమా పంపిణీదారు దివాలా తీస్తే అతని అమెరికా కారుని ఈయన కొన్నాడు. అప్పటికే నాలుగేళ్లు నలిగిన బండి. దాని అసలు పేరు ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. పొడుగూ వెడల్పూ చూసి పడవకారు అన్నారు, అదే పేరయింది. పాలపిట్ట రంగు. ముందూ వెనకా అద్దంలా మెరిసే బంపర్లు. వెనక సీటు మీద ఇంటిల్లిపాదీ కూచోవచ్చు. ఆయన స్వయంగా నడిపేవాడు. తోటల మీద వచ్చిన డబ్బు తోటల్లోనే ఉంటే ఎవరికి కనిపిస్తుంది? దానికి నాలుగు చక్రాలుండాలి.

కొన్న రెండో నెలలోనే బండి ఎ.కొండూరు దగ్గర ఆగింది. ఎడ్లు కట్టి లాక్కొచ్చారు. శౌరయ్య గంటలో నడిపించాడు. ఆ జనవరిలో ఆదిశేషయ్య గారు అతన్ని కల్లానికి పిలిపించాడు. నాగళ్లూ బండ్లూ బాగుచేసే వడ్రంగికీ కమ్మరికీ కోతలయ్యాక కల్లంలో ధాన్యం కొలుస్తారు. దాన్ని మేర అంటారు. అది జరుగుతుండగానే మాటలయ్యాయి.

"జీతమంటే నువ్వు ఏ నెల చేశావో, ఏ నెల చెయ్యలేదో నేను చూస్తూ కూచోవాలి," అన్నాడు ఆదిశేషయ్య గారు. "వీళ్లకి ఎట్టా కొలుస్తున్నానో నీకూ అట్టానే. ఏడాదికి ఆరు బస్తాలు. బండి బాధ్యత నీది."

"సామాన్ల సంగతండీ?"

"పెద్ద సామానైతే నేను తెప్పిస్తా. చిల్లర సామాను నువ్వు చూసుకో. ఇంకోటి. బెజవాడ రోడ్డు పక్కన నా ఖాళీ జాగా ఉందిగా, అక్కడ షెడ్డు వేసుకో. వచ్చే పొయ్యే లారీల పని నీదే. నేనేమీ అడగను. బండి తిరిగినన్నాళ్లు ఆ జాగా నీదే అనుకో."

వడ్రంగి నాగభూషణం అక్కడే ధాన్యం మూట కట్టుకుంటున్నాడు. "చూడరా శౌరీ, కారు కూడా మన కులంలో కలిసింది," అన్నాడు. అందరూ నవ్వారు. శౌరయ్య కూడా నవ్వాడు.

నవ్వకుండా ఒక సంగతి అడిగి ఉండవలసింది. వడ్రంగికి మేర వచ్చేది అయిపోయిన ఏడాదికి. నచ్చకపోతే కొలిపించుకుని, కండువా దులుపుకుని వెళ్లిపోవచ్చు. శౌరయ్యకి ఆ సాయంత్రమే ఆరు బస్తాలూ ఇంటికొచ్చేశాయి, రాబోయే ఏడాదికి గాను. ఇల్లు లేచినప్పట్నుంచీ ఆ గుమ్మంలో ఒకేసారి ఆరు బస్తాలు దిగింది లేదు. జోజమ్మ పేటలో నలుగురినీ పిలిచి చూపించింది. ఆదిశేషయ్య గారిది ధర్మం చేసే చెయ్యి అన్నారు. ధర్మం కాదు. ప్రతి జనవరిలోనూ శౌరయ్య గింజలు తినడం మొదలుపెట్టేసరికి పన్నెండు నెలల పని బాకీ. అది తీరేసరికి మళ్లీ జనవరి, మళ్లీ బస్తాలు. ముందే తిన్నవాడు మధ్యలో కాదనలేడు. రోడ్డు పక్కన జాగాకి కాగితం లేదు. రేకులు మాత్రం శౌరయ్య సొంత డబ్బుతో కొన్నవి, పటాలం నుంచి తెచ్చుకున్న డబ్బులో మిగిలిన చివరి రూపాయలు.

మొదటి ఆరేడేళ్లు ఈ బేరం మీద చెప్పుకోవలసిన కష్టం లేదు. నెలకో రోజు కారుకి పోయేది. మిగతా రోజులు భద్రాచలం వైపు పోయే లారీలు, చుట్టుపక్కల బావుల మీది ఆయిల్ ఇంజన్లు. షెడ్డు రోడ్డు పక్కన ఉండబట్టే అవన్నీ వచ్చేవి. ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగిందంటే ఆ జాగా చలవ.

ఆ తర్వాత కారు ముసలిదైంది.

ముందు రేడియేటరు. మెట్ట బావుల నీళ్లలో సున్నం ఎక్కువ. టీ కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే రేడియేటరు గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఏటా ఎండాకాలంలో విప్పి, చాకలిసోడా వేసి మరగబెట్టి కడిగేవాడు. కడిగినకొద్దీ గొట్టాలు పలచబడ్డాయి. కారిన చోటల్లా టంకం పెట్టాడు. చివరికి దాన్లో రాగికన్నా టంకం ఎక్కువైంది.

తర్వాత వైర్లు. కారు ఉండేది ఆదిశేషయ్య గారి గాదె పక్క కొట్టంలో. ధాన్యానికి వచ్చిన ఎలుకలు ధాన్యం తిని, పళ్లు రాచుకోవడానికి కారులో దూరేవి. పాతకాలపు వైర్లు, పైన గుడ్డ తొడుగు. నెలకోసారి ఏదో ఒక దీపం వెలిగేది కాదు. హారను నొక్కితే వైపరు కదిలిన రోజు కూడా ఉంది. శౌరయ్య తొడుగు మీద టేపు చుట్టి, పైన వేపనూనె పూసేవాడు. వేపనూనె వాసన వెనక సీటుదాకా వస్తోందని ఇంట్లో ఆడవాళ్లు గొడవచేస్తే, అగరుబత్తీలు పెట్టుకొమ్మన్నాడు ఆదిశేషయ్య గారు.

ముందు చక్రాల కింగ్‌పిన్నులూ వాటి బుష్షులూ ఎడ్లబండ్ల గాడుల్లో పడి పడి అరిగిపోయాయి. వినగడప దారిలో స్టీరింగు చేతుల్లో గిలకలా ఆడేది. కొత్తవి రావు. బెజవాడ వెళ్లి, లేతు మీద గన్‌మెటల్‌తో బుష్షులు కోయించుకొచ్చేవాడు. బస్సు చార్జీ, లేతు కూలి, లోహం ఖరీదు అంతా కలిపి ప్రతిసారీ పాతిక పైనే. బ్రేకుల్లో ఉండే రబ్బరు వాషర్లు ఆ సైజులో రావడం మానేసి పదేళ్లు కావొస్తోంది. లారీ వాషర్లు తెచ్చి, సాన మీద అరగదీసి సరిపెట్టేవాడు. అలాంటివాటికి ఆయుష్షు ఉండదని అతనికి తెలుసు. అందుకే నెలనెలా నాలుగు చక్రాలూ విప్పి చూసేవాడు. ఒక్కసారి కూడా బ్రేకు తప్పలేదు.

ఇంజను రింగులు అరిగాయి. పెట్రోలుతో పాటు ఆయిలు కూడా తాగడం మొదలుపెట్టింది. బోరింగు చేయించి పిస్టన్లు మార్చాలని శౌరయ్య చెబితే, "ఈ ఏడు తోటలు పూత రాలిపోయాయి. వచ్చే ఏడు చూద్దాం. ఈలోగా ఎట్టాగో నడిపించు," అని జవాబు. వచ్చే ఏడు పూత నిలిచింది గాని కాయ ధర పలకలేదు. అట్లా పెద్ద సామాను కొనవలసి వచ్చినప్పుడల్లా దాన్ని చిల్లర సామానుగా మార్చడమే శౌరయ్య పనితనం అయింది. చిల్లర తన చేతిదే కదా. అసలు విషాదం అతని చేతిలోనే ఉంది. పని రానివాడైతే కారు 1966లోనే ఆగేది. ఆదిశేషయ్య గారు ఇంకోటి కొనుక్కునేవాడు.

జోజమ్మ లెక్క బస్తాల్లో ఉండేది. మొదట్లో ఆరూ వండుకున్నాం, తర్వాత ఒకటి కారుకి పోయింది, తర్వాత మూడు, ఇప్పుడు నాలుగు. అమ్మి సామాన్లు తెస్తున్నాడు. వాళ్లిద్దరూ తినేది రెండు బస్తాలే. మిగతాది ఆమె కూలికి వెళ్లి తెచ్చేది.

శౌరయ్య ఆ కారు వెనక సీటు మీద ఏనాడూ కూచోలేదు. కూచోవద్దని ఎవరూ అనలేదు, కూచోమని కూడా అనలేదు. దాని స్ప్రింగులు మాత్రం ఆరుసార్లు మార్చాడు. ఆదివారం చర్చికి వెళ్తుంటే ఎదురుగా కారు వచ్చినా అతను లోపలివాళ్లని చూసేవాడు కాదు. చెవి ఒగ్గి ఇంజను వినేవాడు.

డెబ్బైమూడు చివర్లో పెట్రోలు ధర పెరిగింది. చూస్తుండగానే రెట్టింపు దాటింది. ఆ బండి లీటరుకి అయిదు కిలోమీటర్లు కూడా రాదు. ఆదిశేషయ్య గారు బెజవాడ ప్రయాణాలు బస్సులో చెయ్యడం మొదలుపెట్టాడు. మేలో ఒక పొద్దున షెడ్డు దగ్గరికి వచ్చి, దిగకుండానే మాట్లాడాడు.

"ఏరా శౌరీ, ట్రాక్టరు తీసుకుందామనుకుంటున్నా. బాంకీవాళ్లు అప్పిస్తామన్నారు. మన వంతు కట్టడానికి దీన్ని అమ్మేద్దాం. బెజవాడ నుంచి సీతారామారావని ఒకాయన వస్తున్నాడు. పెళ్లిళ్లకీ సినిమా షూటింగులకీ ఇట్టాంటి బళ్లు అద్దెకిస్తాడంట. అయిదువేలు అనుకున్నాం, చూశాక ఖాయం. పదిరోజులు టైముంది. ఎక్కడా వంక ఉండకూడదు."

"అట్టాగేనండి," అన్నాడు శౌరయ్య. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడిచాడు. "మరి జాగా సంగతండీ?"

"ఏ జాగా?"

"ఈ షెడ్డు జాగా."

ఆదిశేషయ్య గారు షెడ్డు వైపు చూశాడు. చాలా కాలం తర్వాత చూసినట్టున్నాడు. "బండి తిరిగినన్నాళ్లు అన్నాం గదరా. బండే పోయాక షెడ్డు దేనికి? సరే, అదంతా తర్వాత చూద్దాంలే," అని గేరు మార్చాడు. గేరు పడేటప్పుడు గరగర చప్పుడైంది. శౌరయ్య దాన్ని కూడా గుర్తుపెట్టుకున్నాడు.

ఇంటికి వెళ్లి జోజమ్మకి చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ అడిగింది.

"ఆయనొచ్చిన రోజున బండి కదలకపోతే?"

"కదలకపోవడమేంటి?"

"ఏదో వైరు తెగిందనుకో. ఎలకలు కొరికినయ్యనుకో. రోజూ కొరికేవేగా."

"నా చేత్తో నేను వైరు తెంపాలా?"

"ఆయన నోటితో ఆయన నీ జాగా తెంపట్లా? నోటికి లేని తప్పు చేతికెందుకొచ్చింది?"

"జనవరిలో బస్తాలు దింపుకున్నాం కదే."

"దింపుకుని ఎవరికి పెట్టాం? నాలుగు దానికే పోశావు. అది తిన్నంత అన్నం నేను తిన్లేదు ఈ ఇంట్లో."

శౌరయ్య గోడకి చేరబడి కూచున్నాడు. అద్దెకి షెడ్డు తీసుకోవాలంటే నెలకి ముప్పై రూపాయలు, పైన అడ్వాన్సు. యాభై ఏళ్లు నిండాయి. రోడ్డు పక్కన లేని మెకానిక్కు దగ్గరికి లారీ రాదు. ఇవన్నీ ఆమెకి తెలుసు, ఆమెకి తెలుసని అతనికీ తెలుసు.

"అయితే తెంపొద్దులే," అంది జోజమ్మ. "నిజం చెప్పు. ఆ బెజవాడాయన అడక్కుండా ఉంటాడా, బండి ఎట్టా ఉందని? ఉన్నది ఉన్నట్టు చెప్పు. విన్నాక కూడా కొంటే మన రాత. కొనకపోతే బండి ఇక్కడే తిరుగుద్ది, నువ్వు అక్కడే ఉంటావు. నిజానికి తప్పు లేదుగా. మన ఫాదరు కూడా ఏమీ అనడు."

ఈ మాట శౌరయ్యకి నచ్చింది. నచ్చదా మరి. నిజమూ మన అవసరమూ ఒకే బండిలో వస్తే ఎవరైనా ఎక్కుతారు. తర్వాత ఊరు దీన్ని నిజాయితీ అంది. ఆ పేరు తగలెయ్యనక్కర్లేదు గాని, దాని అడుగున నాలుగు రేకులున్నాయని తెలిసి పొగిడితే బాగుండేది.

ఆ పదిరోజులూ శౌరయ్య పనిచేసిన తీరు మాత్రం ఎవరికీ అర్థం కాదు. బండి అమ్ముడుపోకూడదని కోరుకుంటున్న మనిషి దాన్ని అంతకుముందెన్నడూ లేనంత బాగా చేశాడు. రేడియేటరు దింపి కడిగాడు. కార్బొరేటరు కడిగి జెట్లు ఊదాడు. గేర్ల చప్పుడు పోగొట్టాడు. బంపర్ల మీద తుప్పుని బూడిదతో తోమాడు. ఎండిన రంగుకి మైనం పట్టించాడు. లారీవాళ్లు వచ్చి నిలబడి, పని కాక మైలవరం వెళ్లిపోయారు. "చూడబొయ్యే కళ్లకి వంక దొరికితే అది నా వంకే అంటారు," అన్నాడు జోజమ్మతో. నోటితో ఏం చెప్పినా చేత్తో తక్కువ చెయ్యడం అతనికి రాలేదు. ఇది గొప్ప గుణమని చెప్పేవాళ్లతో వాదించే ఓపిక లేదు. అలవాటు, అంతే. పదహారేళ్లు ఒకరి బాకీలో ఉన్నవాడికి పడే అలవాటు.

సీతారామారావు గారు ఉదయం బస్సుకి దిగాడు. ఇస్త్రీ చొక్కా, నల్లద్దాలు. ఆదిశేషయ్య గారే బండి నడిపి ఎ.కొండూరు దాకా తిప్పి తీసుకొచ్చాడు. మే నెల ఎండలో వెళ్లి వచ్చినా రేడియేటరు పొగలు కక్కలేదు. బండి షెడ్డు ముందు ఆగింది, చూడ్డానికి ఊళ్లోవాళ్లు మూగారు. సీతారామారావు గారు చుట్టూ తిరిగి, తలుపులు తీసి వేసి, సంతోషించాడు. చేతిసంచి తెరవబోతూ ఆగి, శౌరయ్య వైపు తిరిగాడు.

"మేస్త్రీ, ఒక్కమాట. దీన్ని ఇట్టాగే ఉంచాలంటే ఏడాదికెంతవుద్ది?"

శౌరయ్య నోరు తెరిచేలోపల ఆదిశేషయ్య గారు నవ్వాడు. "ఏమవుద్దండీ, పదహారేళ్లుగా ఉంచుతున్నాగా. ఆరు బస్తాల ధాన్యం. అంతే."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకి తెలిసింది అంతే. పదహారేళ్లు ఆయన కొలిచింది ఆరు బస్తాలే.

"వాణ్ణి చెప్పనివ్వండి," అన్నాడు సీతారామారావు గారు. "అద్దెకి తిప్పేవాణ్ణి. నాకు లెక్క కావాలి."

శౌరయ్య బానెట్టు ఎత్తి పట్టుకున్నాడు. ఆదిశేషయ్య గారి ముఖం చూడకుండా ఇంజనుకే చెబుతున్నట్టు చెప్పుకుంటూ పోయాడు.

"రేడియేటరు లోపలి గూడు మొత్తం మార్చాలండి. దొరికితే మూడొందలు. దొరకదు. ఇది టంకం మీద ఉంది. బోరింగు, పిస్టన్లు, రింగులు కలిపి తొమ్మిదొందలు పైమాట. అది చెయ్యకపోతే వంద కిలోమీటర్లకి లీటరు ఆయిలు పోస్తానే ఉండాలి. ముందు చక్రాల బుష్షులు ఆర్నెల్లకోసారి, పాతిక. టైర్లు ఈ సైజు మద్రాసులో బ్లాకులో ఉంటయ్యంట, ఒక్కోటి మూడొందల యాభై. ఇవి రెండుసార్లు రీట్రేడు చేసినవి. వైరింగు మొత్తం తీసి కొత్తది వెయ్యాలి, రెండొందలు. డైనమో నేను మళ్లీ చుట్టిందే. పెట్రోలు తమకి తెలిసిందే. ఏడాదికి రెండువేలకి తగ్గదండి. ఆ రెండువేలు పెట్టినా ఎక్కడోచోట ఆగుద్ది."

"బ్రేకులు?"

శౌరయ్య ఒక్క క్షణం తటపటాయించాడు. "వాషర్లు దొరకవండి. లారీవి తెచ్చి అరగదీసి వేస్తన్నాను. నెలకోసారి విప్పి చూసుకుంటే ఇబ్బంది లేదు."

"ఎవరు విప్పి చూడాలి?"

"నేను చూస్తన్నానండి."

సీతారామారావు గారు సంచి తెరవకుండానే చంకలో పెట్టుకున్నాడు. "మేస్త్రీ నిజాయితీపరుడండీ," అన్నాడు ఆదిశేషయ్య గారితో, చిన్నగా నవ్వి. "పెళ్లివాళ్లని ఎక్కించుకు తిరిగే బండి. ఈ బ్రేకులతో నేను తిప్పలేను. మీ మేస్త్రీని కూడా కలిపి అమ్మితే చెప్పండి, ఆలోచిస్తా." పన్నెండు గంటల బస్సుకి వెళ్లిపోయాడు.

ఇంతవరకూ జోజమ్మ అనుకున్నట్టే జరిగింది. బండి అమ్ముడుపోలేదు. శౌరయ్య బానెట్టు దించాడు. ఆదిశేషయ్య గారు షెడ్డు నీడలోకి వచ్చి స్టూలు మీద కూచున్నాడు. ఆ స్టూలు మీద ఆయన కూచోవడం అదే మొదలు.

"ఏరా, ఇదంతా ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?"

"పెద్ద సామాను చెప్పానండి. తమరు వచ్చే ఏడన్నారు."

"బ్రేకుల సంగతి?"

"అది చిల్లర సామానండి."

ఆదిశేషయ్య గారు కారు వైపే చూస్తున్నాడు. "పోయిన నెల్లో మనవరాలి అక్షరాభ్యాసానికి అందర్నీ ఎక్కించుకుని తోట దాకా వెళ్లొచ్చానురా. ఏడుగురం."

"వెళ్లేముందు రోజు విప్పి చూశానండి. ఏమీ భయం లేదు."

"మరి ఇన్నేళ్లు ఎట్టా తిరిగింది ఇది?"

"తిప్పానండి," అన్నాడు శౌరయ్య.

ఆ ఒక్క మాటలో పదహారేళ్ల గర్వం ఉంది. అది అనకుండా ఉంటే ఏమైనా మారేదా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడట. మారేది కాదు. ఆదిశేషయ్య గారికి అప్పుడే ఒక సంగతి అర్థమైంది. తాను ఎక్కి తిరిగింది అమెరికా కారు కాదు, రేకుల షెడ్డులో ఒక మనిషి అరగదీసిన రబ్బరు ముక్కలు. ధాన్యం కొలవడంతో తన వంతు తీరిపోయిందనుకున్నవాడికి, తన ప్రాణం కూడా చిల్లర సామాన్లలో కలిసిపోయిందని తెలిస్తే ఎట్లా ఉంటుంది? కృతజ్ఞత పుడుతుందని నీతికథల్లో రాస్తారు. ఆయనకి భయం పుట్టింది. భయం వెనకే కోపం వచ్చింది.

"ఇంక నేను దీన్ని ఎక్కను," అన్నాడు లేస్తూ. "నా ఇంట్లోవాళ్లెవరూ ఎక్కరు. ఇంటికి కూడా నడుచుకునే పోతా." నాలుగడుగులు వేసి తిరిగాడు. "ఊరంతా వింటుండగా చెప్పావు. ఇంక దీన్ని ఎవడు కొంటాడు?"

నిజమే, తర్వాత ఎవరూ కొనలేదు. పాత ఇనుము కింద ఇచ్చెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. ట్రాక్టరు మాత్రం వచ్చింది. బాంకీ అప్పుతో పాటు ఇంట్లో ఆడవాళ్ల గాజులు రెండు జతలు కలిశాయి. జూన్‌లో ట్రాక్టరు గాదె పక్క కొట్టంలోకి ఎక్కింది. షెడ్డు ముందే నిలిచిపోయిన పడవకారుకి అక్కడ చోటు లేకపోయింది.

మళ్లీ షెడ్డు దగ్గరికి వచ్చాడు ఆదిశేషయ్య గారు, ఈసారి ట్రాక్టరు మీద. దిగాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే శౌరయ్యకి ఒక మాట అనే వీలుండేది.

"వానలొస్తన్నాయిరా. బండి బయట పెడితే పాడైపోద్ది. దీన్లో పెట్టించు."

"ఇందులోనా అండీ?"

"ఇంకెక్కడ పెట్టను? తిరగట్లేదు గదా. తిరిగినన్నాళ్లు అన్నాం. అన్నమాట నేను తప్పలేదు." పైకి చూశాడు. "రేకులు నీవేలే, నాకు తెలుసు. విప్పుకుపోతానంటే కాదనను. కానీ దానికి నీడ కావాలి గదా. ఉండనీ. వచ్చే కోతలకి రెండు బస్తాలు కొలుస్తా."

ఆయన జీవితంలో శౌరయ్యకి పని తర్వాత కొలుస్తానన్నది అదొక్కసారే.

"అట్టాగేనండి," అన్నాడు శౌరయ్య.

జోజమ్మ ఇంటి దగ్గర అరిచింది. రేకులు విప్పుకు రమ్మంది. పొమ్మన్నప్పుడు కూడా పనిచేసి పెట్టి పోతావా అంది. అతని జవాబు ఒకటే. "ఈ ఏటి గింజలు తిన్నాం గదే. జనవరి దాకా బండి నాదే." జూన్ నుంచి జనవరి దాకా ఏడు నెలలు. తిన్న రెండు బస్తాలకీ, దానికే తిరిగి పోసిన నాలుగు బస్తాలకీ కలిపి.

తన పనిముట్లన్నీ గోనెసంచిలో సర్దుకుని, గోడన వేలాడదీసిన పాత గాస్కెట్లు తీసేసి, నేల ఊడ్చాడు. నలుగురు కూలీలు కారుని తోశారు. షెడ్డు పొడుగు చాలలేదు. వెనక భాగం జానెడు బయటే ఉండిపోయింది, అక్కడ వానపడితే డిక్కీ తుప్పుపడుతుంది. కూలీలు వెళ్లిపోతామన్నారు. శౌరయ్య ఆగమని, మోకాళ్ల మీద కూచుని, ముందు బంపరు విప్పాడు. బూడిదతో తోమిన మెరుపు ఇంకా పోలేదు. దాన్ని జాగ్రత్తగా పక్కన గోడకి చేర్చి పెట్టాడు. కారు ఇంకో జానెడు లోపలికి వెళ్లింది. తర్వాత జాకీ వేసి, చక్రాలు ఒక్కోటీ తీసి, ఇటుకల దొంతులు పేర్చి వాటి మీద దించాడు. రేడియేటరులో నీళ్లు వదిలేశాడు. వైర్లకి వేపనూనె పూశాడు. బాటరీ తీసి ఆదిశేషయ్య గారి ఇంటికి మోసుకెళ్లి ఇచ్చాడు. ఆ తర్వాత జనవరి దాకా నెలకోసారి వెళ్లి, లోపల ఎలుకలు కాపురం పెట్టాయేమో చూసి వచ్చేవాడు.

కోతలకి రెండు బస్తాలన్నది ఒక బస్తా వచ్చింది. తిరగని బండికి అదైనా ఎక్కువేనని కల్లంలో ఎవరో అన్నారట.

ఇప్పుడు శౌరయ్య గోనెసంచి భుజాన వేసుకుని గంపలగూడెం, వినగడప పొలాల వెంట తిరుగుతుంటాడు. ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తాడు. వాన లేనప్పుడే అవి నడుస్తాయి, నడిచినప్పుడే చెడిపోతాయి. మంచి వానలు పడ్డ ఏడు అతనికి పని లేదు. చేసిన పనికి అక్కడికక్కడే డబ్బు అడుగుతాడు. ధాన్యం ఇస్తామంటే వద్దంటాడు. అది చూసి రైతులు, "శౌరయ్యకి కూడా డబ్బు పిచ్చి పట్టింది," అనుకుంటారు.

బెజవాడ రోడ్డు మీద లారీలు ఆగినప్పుడు డ్రైవర్లు ఆ షెడ్డు చూసి పరుగెత్తుకొస్తారు. తడిక సందులోంచి తొంగిచూస్తారు. లోపల చక్రాలు లేని పాలపిట్ట రంగు కారు, గోడకి చేరేసిన బంపరు, వేపనూనె వాసన. మెకానిక్కు ఎక్కడని పక్క టీకొట్టులో అడిగితే, పొలాల మీదికి పోయాడని చెబుతారు. ఎప్పుడొస్తాడంటే తెలియదంటారు.

"చాలా నమ్మకస్తుడండీ," అని కూడా చెబుతారు, అడక్కుండానే.